181వ గంట

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివే విద్యార్థి మొదటి ఏడాది పరీక్షలు అయ్యాక, వేసవి సెలవుల్లో, 180 గంటలు ఒక ఊళ్ళోనో వాడలోనో పనిచేయాలి. 2020-21లో చేరిన బ్యాచ్‌తో రాష్ట్ర ఉన్నత విద్యామండలి మొదలుపెట్టిన ఈ ఏర్పాటు పేరు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. విద్యార్థుల నోట అది సీఎస్పీ. దీనికి 4 క్రెడిట్లు. ముందు ఇంటింటి సర్వే, తర్వాత అవగాహన కార్యక్రమాలు, ఆపైన ఒక చిన్న ప్రాజెక్టు, దాని మీద నివేదిక, చివర వైవా. చేసిన పని లాగ్‌బుక్కులో రాసి మెంటరు చేత సంతకం పెట్టించుకోవాలి. ఎన్‌ఎస్‌ఎస్‌లో, ఎన్‌సీసీలో చేసే మామూలు పనులు దీని కిందికి రావు. ఇది వేరు, అవి వేరు.

విశాఖపట్నంలో ఈ 180 గంటలు ఎక్కడ గడపాలన్నది సమస్య కాదు. రేవు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం, జాలారిపేటలు, కొండవాలు బస్తీలు, ఏజెన్సీ నుంచి రోగులు దిగే పెద్దాసుపత్రి, అన్నీ ఒకటి రెండు బస్సులు మారితే అందే దూరంలోనే ఉన్నాయి. తగాదా అంతా ఆ గంటలను సేవ అనవచ్చా అన్న దగ్గర. ఇక్కడ వాదించుకునేవారు ఇద్దరు. ఒకరు చాలాకాలం ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైన మాస్టారు. సేవ ప్రతి విద్యార్థి చదువులోనూ భాగం కావాలన్నది ఆయన పక్షం. రెండోవారు సీఎస్పీ చేసి, డిగ్రీ పూర్తయి, ఇప్పుడు ఎం.ఏ. చదువుతున్న విద్యార్థిని. క్రెడిట్ల కోసం చేయించేది సేవా కాదు, చదువూ కాదన్నది ఆమె పక్షం.

విద్యార్థిని: నా లాగ్‌బుక్కులో 180 గంటలూ ఉన్నాయి మాస్టారూ. సంతకాలన్నీ ఉన్నాయి. నేను వెళ్ళిన వీధిలో ఒక్క ఇంటికి కూడా దానివల్ల ఏమీ ఒరగలేదు. ఒకావిడ గుమ్మంలో చేపలు ఎండబెడుతూ, “మళ్ళీ రాసుకోడానికొచ్చారామ్మా? కిందటేడు రాసుకెళ్ళినవాళ్ళు ఏం చేశారు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఎందరు, ఆదాయం ఎంత, మరుగుదొడ్డి ఉందా అని అడిగి, రాసుకుని, వచ్చేశాను.

మాస్టారు: ఆవిడ ప్రశ్న వినే అవకాశమైనా ఆ 180 గంటల వల్లే వచ్చింది కదమ్మా. అంతకుముందు ఆ వీధికి ఎప్పుడైనా వెళ్ళావా?

విద్యార్థిని: లేదు.

మాస్టారు: ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి పల్లానికి దిగితే పెదజాలారిపేట. మూడేళ్ళు ఇక్కడ చదివి, ఆ పేటలో ఒక్కసారి కూడా అడుగు పెట్టకుండా పట్టా పుచ్చుకుని పోయినవాళ్ళు నాకు వందల్లో తెలుసు. చెడ్డవాళ్ళు కారు. పిలిచినవాళ్ళు లేరు, వెళ్ళాల్సిన పని పడలేదు, అంతే. ఇష్టమైతే వెళ్ళండి అంటే ముందే ఇష్టం ఉన్నవాళ్ళు వెళతారు. తక్కినవాళ్ళ సంగతేమిటి?

ఈ ప్రశ్న సీఎస్పీతో పుట్టింది కాదు. స్వతంత్ర భారతం విద్యార్థి సేవ గురించి ఆలోచన మొదలుపెట్టిన నాటినుంచీ ఉంది. అందులో రెండు వైపులా తెలుగునేలతో ముడిపడ్డ మనుషులే ఉన్నారు. 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్, 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షుడు. విద్యాసంస్థల్లో జాతీయ సేవ ఉండాలని, అది స్వచ్ఛందంగా ఉండాలని ఆ కమిషన్ చెప్పింది. పదేళ్ళు తిరిగేసరికి గాలి మారింది. పట్టా చేతికి రావాలంటే ముందు సమాజ సేవ చేసి ఉండాలన్న ఆలోచనను 1958లో నెహ్రూ ముఖ్యమంత్రుల ముందు పెట్టారు. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఏర్పడ్డ కమిటీ ఇంకా గట్టిగా చెప్పింది: కళాశాలలో చేరదలచిన ప్రతివారూ ముందుగా తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు తప్పనిసరిగా జాతీయ సేవ చేయాలి. శారీరక శ్రమ, సమాజ సేవ, సైనిక శిక్షణ అందులో భాగాలు. అప్పటికి దేశ్‌ముఖ్ యూజీసీ అధ్యక్షుడు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి భర్త.

ఖర్చు మోయలేమని, అమలు చేయడం కష్టమని ప్రభుత్వం ఆ నివేదికను పక్కన పెట్టింది. ఇతర దేశాల్లో యువజన సేవ ఎలా జరుగుతోందో పరిశీలించి రమ్మని కె.జి. సయ్యిదైన్‌ను పంపింది. ఆయన తిరిగొచ్చి, 1960లో, స్వచ్ఛందమే మేలన్నారు. చైనా యుద్ధం తర్వాత కొన్నాళ్ళు కళాశాలల్లో ఎన్‌సీసీని తప్పనిసరి చేశారు. అదీ నిలవలేదు. చివరికి ఎన్‌సీసీని ఐచ్ఛికంగా ఉంచి, దానికి తోడుగా మరో దారి తెరవాలని తేల్చారు. ఆ దారి పేరు జాతీయ సేవా పథకం, ఎన్‌ఎస్‌ఎస్. గాంధీ శతజయంతి ఏడాది 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో, 40 వేల మంది విద్యార్థులతో అది మొదలైంది. కోణార్క రథచక్రం గుర్తు, “నేను కాదు, నువ్వు” నినాదం. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు, మధ్యలో ఒక ఊళ్ళో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. ఇప్పుడు దేశం మొత్తం మీద వాలంటీర్ల సంఖ్య దాదాపు 40 లక్షలు.

మాస్టారు: చూశావా, రాధాకృష్ణన్‌గారి మాటే గెలిచింది. గెలిచినందువల్ల జరిగిందేమిటో కూడా చూడు. ఒక యూనిట్‌లో వందమంది ఉంటారు, కాలేజీలో వేలమంది ఉంటారు. చేరినవాళ్ళు క్యాంపుకు వెళ్ళి, రోడ్డు వేసి, మొక్కలు నాటి, ఊరివాళ్ళ ఇళ్ళల్లో అన్నం తిని, ఏడు రోజుల్లో మారిపోయి వచ్చేవాళ్ళు. చేరనివాళ్ళకు ఆ ఊరి పేరు కూడా తెలిసేది కాదు. నేను రెండు రకాల పిల్లలకూ పాఠం చెప్పాను. అందుకే దేశ్‌ముఖ్‌గారి పక్షానికి వచ్చాను.

విద్యార్థిని: దేశ్‌ముఖ్‌గారి పక్షానికి వచ్చారు సరే, వారింటి ఇంకో మనిషి సంగతి మరిచిపోయారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల్లో దుర్గాబాయి వాలంటీరు. అప్పుడు ఆమె వయసు పద్నాలుగేళ్ళు. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టిక్కెట్టు లేదని సాక్షాత్తూ నెహ్రూనే ఆపేసింది. టిక్కెట్టు తెప్పించాకే లోపలికి వదిలింది. అంతకు ముందే, చిన్నపిల్లగా ఉండగానే, రాజమండ్రిలో ఆడపిల్లలకు హిందీ బడి నడిపింది. ఆమెకు ఎవరిచ్చారు క్రెడిట్లు? అప్పగించిన పని తనదనుకుంది కాబట్టి అంతటి మనిషినీ ఆపగలిగింది. లాగ్‌బుక్కు నింపడానికి వచ్చిన పిల్లయితే పక్కకు తప్పుకునేది.

మాస్టారు: దుర్గాబాయిలు ఎందరుంటారమ్మా? చదువుల ఏర్పాటు మామూలు పిల్లల్ని చూసి చేయాలి.

ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే దుర్గాబాయి ఉదంతంలో ఇద్దరూ వదిలేసిన అంశం ఒకటుంది. ఆమెకు అప్పగించిన పని చిన్నది, స్పష్టమైనది. ఈ గుమ్మం, ఈ టిక్కెట్టు, ఈ రోజు. ఆమె లేకపోతే ఆ చోటు ఖాళీగా ఉండేది. ఇవాళ విద్యార్థికి అప్పగిస్తున్న పని చాలాచోట్ల అలా ఉండదు. “పరిశుభ్రతపై అవగాహన కల్పించడం” అన్న పని ఒకరు చేయకపోయినా లోటు కనపడదు, చేసినా ఫలితం కనపడదు. అందులో ఉత్సాహం చచ్చిపోవడానికి విద్యార్థి స్వభావాన్ని తప్పుపట్టనక్కరలేదు.

సేవను చట్టంతో ముడిపెట్టిన దేశాలు లేకపోలేదు. మెక్సికోలో పట్టా కావాలంటే 480 గంటల సామాజిక సేవ చేయాలి. నైజీరియా 1973 నుంచి పట్టభద్రులను ఏడాదిపాటు సొంత రాష్ట్రం కాని చోటికి పంపుతోంది. అంతర్యుద్ధంలో విడిపోయిన ప్రజలను మళ్ళీ కలపాలన్నది అక్కడి ఉద్దేశం. మాస్టారు వీటిని తరచూ ఉదహరిస్తారు. విద్యార్థిని వీటిని తోసిపుచ్చదు. ఏడాదిపాటు ఒకేచోట ఉంచడానికీ ఒక వేసవిలో 180 గంటలు లెక్కపెట్టడానికీ పోలిక లేదంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ‘వాలంటీరు’ అన్న మాటకు సంబంధించిన తికమక కూడా ఉంది. 2019 ఆగస్టు 15 నుంచి దాదాపు అయిదేళ్ళపాటు రాష్ట్రమంతటా సుమారు యాభై ఇళ్ళకొకరు చొప్పున గ్రామ, వార్డు వాలంటీర్లు పనిచేశారు. నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం. పింఛను ఇంటికి తెచ్చి ఇచ్చింది వాళ్ళే. అందువల్ల విశాఖ వాడల్లో వాలంటీరంటే ఇప్పటికీ ఏదో కాగితం పని చేసిపెట్టే ప్రభుత్వ మనిషన్న అర్థమే ముందు తోస్తుంది. కళాశాల విద్యార్థి ఫారం పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఇంటివాళ్ళు రేషన్ కార్డు సంగతి, ఇంటి పట్టా సంగతి చెప్పుకుంటారు. ఆ పిల్ల చేయగలిగింది ఏమీ ఉండదు. ఆశ పెట్టి రావడం ఏమీ చేయకుండా ఉండటం కన్నా హీనమన్నది విద్యార్థిని వాదనలో బలమైన భాగం.

విద్యార్థిని: ఈ ఊరికి అసలైన సేవ చేసిన విద్యార్థులను ఎవరూ పంపలేదు మాస్టారూ. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్నప్పుడు ఈ యూనివర్సిటీ పిల్లలు క్లాసులు వదిలి రోడ్డెక్కారు. టి. అమృతరావుగారు అక్టోబరు 15న నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా కలిపి 32 మంది చనిపోయారు. ఈ ఊరి బతుకును మార్చిన పని అది. ఏ లాగ్‌బుక్కులో ఉంది?

మాస్టారు: ఆ రోజుల గురించి నా ముందు తేలిగ్గా మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. నాకూ ఆ నినాదం వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ తర్వాతి సంగతి కూడా చూడు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మధ్యలో అరవైకి పైగా ఊళ్ళు భూములిచ్చి ఖాళీ అయ్యాయి. ఆ కుటుంబాలకు నిర్వాసితులని గుర్తించే ఆర్ కార్డులు ఇచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగి తిరిగి ముసలివాళ్ళైపోయినవాళ్ళు గాజువాక చుట్టుపక్కల కాలనీల్లో ఉన్నారు. ఉద్యమానికి వేలమంది విద్యార్థులు వచ్చారు. ఆ కార్డుల కాగితాలు చదివిపెట్టడానికి ఎందరు వచ్చారు? ఉద్యమానికి ఒక రోజు పిలుపు చాలు. కాగితాలు చూడటానికి ప్రతి వారం ఒక మనిషి కావాలి. ప్రతి వారం మనిషిని పంపేది ఏర్పాటే తప్ప ఆవేశం కాదు.

ఇక్కడ మాస్టారి వాదన విద్యార్థినిని కదిలించింది. ఇలాంటి పనికి చట్టంలోనే దారి ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ఉచిత న్యాయసహాయానికి అర్హులెవరో చెప్పింది. స్త్రీలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆ జాబితాలో ఉన్నారు. పారిశ్రామిక ప్రమాద బాధితులూ ఉన్నారు. పరిశ్రమల నగరంలో ఆ ఒక్క వాక్యం ఎందరికి వర్తిస్తుందో ఊహించవచ్చు. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. న్యాయవిద్య చదివేవారికి న్యాయసహాయ శిబిరాల్లో పనిచేయడం చదువులో భాగమే. న్యాయశాస్త్రం చదవని విద్యార్థి కూడా పారా లీగల్ వాలంటీరుగా శిక్షణ పొంది అర్జీ రాసిపెట్టవచ్చు, ఏ కార్యాలయానికి ఏ కాగితం పట్టుకెళ్ళాలో చెప్పవచ్చు. కాలనీల్లో కావలసిన సాయం తరచూ ఇంతే.

పరిశ్రమల నగరం అనగానే మరో రకం పని, ప్రమాదాల వేళ సాయం, ముందుకు వస్తుంది. విశాఖ విద్యార్థికి ఆ పని ఏ కరపత్రమూ లేకుండానే ఎదురవుతూ వచ్చింది. 1997 సెప్టెంబరు 14న హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో మంటలు లేచి దాదాపు అరవై మంది చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలులతో సరిగ్గా నగరం మీదే తీరం దాటింది. చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. కరెంటు, ఫోన్లు, కుళాయి నీళ్ళు రోజుల తరబడి లేవు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు.

విద్యార్థిని: హుద్‌హుద్ తర్వాత రోడ్ల మీద కొమ్మలు లాగినవాళ్ళలో కాలేజీ పిల్లలున్నారు. వాళ్ళను ఎవరైనా తప్పనిసరి అన్నారా?

మాస్టారు: అనలేదు. కొమ్మలు లాగడానికి చేతులు చాలు. స్టైరీన్‌కు చాలవు. ఆ ఆవిరి గాలి కన్నా బరువు. నేలను పట్టుకుని పల్లానికి పాకుతుంది. అది తెలియని పిల్లవాడు సాయం చేయబోయి, పడిపోయినవాడి పక్కన వంగి, తనూ పడిపోతాడు. గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా, మిట్టవైపు జనాన్ని నడిపించాలని ఎంతమందికి తెలుసు? ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

విద్యార్థిని: నాకు తెలియదు.

మాస్టారు: నేర్పించాలా, ఇష్టమైతే నేర్చుకో అని వదిలేయాలా?

విద్యార్థిని: నేర్పించాలి. ఇది ఒప్పుకుంటాను. ఈ ఊళ్ళో చదివే ప్రతి ఒక్కరికీ నేర్పించాలి. అయితే మాస్టారూ, మీరు ఇప్పుడు తప్పనిసరి చేసింది శిక్షణను. శిక్షణ చదువే కదా, దానికి పరీక్ష పెట్టండి, మార్కులు వేయండి, నాకు అభ్యంతరం లేదు. ఆ శిక్షణ పట్టుకుని ఎవరింటికి వెళ్ళాలన్నది మాత్రం మనిషికి వదలండి.

వాదన మొత్తంలో అసలైన మలుపు ఇది. తప్పనిసరి, స్వచ్ఛందం అన్న రెండు మాటలనూ ఒకే పని మీద పెట్టి లాగడం వల్లనే ఇన్నేళ్ళుగా తగవు తెగలేదు. నేర్చుకోవడం ఒక పని, వెళ్ళడం మరో పని. విపత్తు శిక్షణకు ఏర్పాటు లేకపోలేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో కొన్ని వరద జిల్లాల్లో ఆపద మిత్ర పథకాన్ని మొదలుపెట్టి, తర్వాత దాన్ని 350 జిల్లాలకు విస్తరించింది. స్థానిక యువతకు 12 రోజుల శిక్షణ, అత్యవసర కిట్ ఇవ్వడం అందులో భాగం. తర్వాత వచ్చిన యువ ఆపద మిత్ర ప్రత్యేకించి ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, నెహ్రూ యువ కేంద్రం, స్కౌట్స్ పిల్లల కోసం. ఈ సంఘాలు వేటిలోనూ లేని విద్యార్థికి మాత్రం ఆ తలుపు తెరుచుకోదు. విశాఖలో అది పెద్ద లోటు.

ప్రమాదాలు ఏళ్ళకొకసారి వస్తాయి. నగరానికి రోజూ కావలసినవి వేరే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగానికి సర్టిఫికెట్టు లేదు.

మొదటిది రక్తం. 1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆసుపత్రికి, జనం నోట కేజీహెచ్‌కు, ఉత్తరాంధ్ర మూడు పాత జిల్లాల నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి రోగులు వస్తారు. పాడేరు ఏజెన్సీలో సికిల్ సెల్ రక్తహీనత ఎక్కువ. దాన్ని రూపుమాపడానికి కేంద్రం 2023 జూలై 1న ప్రత్యేక మిషన్ ప్రారంభించింది. పద్దెనిమిదేళ్ళు నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్నవారు రక్తం ఇవ్వవచ్చు. మగవాళ్ళు 90 రోజులకొకసారి, ఆడవాళ్ళు 120 రోజులకొకసారి. శిబిరానికి ఎంతో ఉత్సాహంగా వచ్చి, హిమోగ్లోబిన్ చాలక వెనక్కి వెళ్ళే అమ్మాయిలు ప్రతి శిబిరంలోనూ కనిపిస్తారు. రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలలో రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. సేవ చేయడానికి వచ్చిన పిల్లకే ముందు సేవ అవసరమని అక్కడ తెలుస్తుంది. శిబిరం నడిపేవాళ్ళు ఆమె పేరు రాసుకుని మూడు నెలల తర్వాత మళ్ళీ పలకరిస్తే అదీ గొప్ప పనే.

రెండోది పరీక్ష రాసిపెట్టడం. చూపు లేని విద్యార్థికి పరీక్షలో స్క్రైబ్ కావాలి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి. అభ్యర్థి తన స్క్రైబ్‌ను తానే తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలని ఆ మార్గదర్శకాలు చెప్పాయి. అంటే పీజీ విద్యార్థికి డిగ్రీ చదివే పిల్లలు కావాలి. ఈ పనిలో నాలుగు గంటలు తల వంచి ఇంకొకరి మాట రాయాలి. సొంత తెలివి చూపకూడదు. అభ్యర్థి తప్పు చెబితే తప్పే రాయాలి, అక్షరదోషాలు మాత్రం తనవి ఉండకూడదు. వస్తానని చెప్పి పొద్దున్నే ఫోను ఆపేసే స్క్రైబ్ వల్ల ఒక మనిషికి ఏడాది పోతుంది.

విద్యార్థిని: నేను ఎం.ఏ.కి వచ్చాక స్క్రైబ్‌గా పనికిరాకుండా పోయాను. ఇప్పుడు మా క్లాసులో చూపు లేని అబ్బాయికి పాఠ్యపుస్తకాలు చదివి ఫోన్‌లో రికార్డు చేసి పంపుతున్నాను. ఇంగ్లీషు పుస్తకాలకైతే కంప్యూటర్ గొంతు ఉంది. తెలుగులో నాసిరకం జిరాక్స్ కాగితాలు అది చదవలేదు. రోజుకు అరగంట. దీన్ని నేను ఎక్కడా నమోదు చేయలేదు. చేస్తే నాకు రుచి పోతుంది.

మాస్టారు: నువ్వు చేస్తున్నావని ఎవరికీ తెలియకపోతే, నువ్వు పాసై వెళ్ళిపోయాక ఆ అబ్బాయి తర్వాతి పుస్తకం ఎవరు చదువుతారు? నమోదు నీ గొప్ప కోసం కాదమ్మా. నీ తర్వాత వచ్చేవాళ్ళకు ఆ పని ఉందని తెలియడం కోసం.

విద్యార్థిని దీనికి వెంటనే బదులివ్వలేదు. మాస్టారి వాదనలన్నిటిలోకీ గట్టిది ఇదేనేమో. చేసేవారి మనసులో సేవ ఎంత స్వచ్ఛంగా ఉన్నా, అందుకునేవారికి కావలసింది అది ఆగకపోవడం. విద్యార్థి జీవితం మూడేళ్ళకోసారి ఖాళీ అవుతుంది. ఎన్‌ఎస్‌ఎస్‌కు యూనిట్ ఉంది, ప్రోగ్రామ్ ఆఫీసరు ఉన్నారు, రిజిస్టరు ఉంది. మంచి మనసు ఒక్కటే ఉన్నచోట ఇవేవీ ఉండవు.

మూడోది భాష. పాడేరు, అరకు వైపు నుంచి కేజీహెచ్‌కు వచ్చేవారిలో కువి, ఆదివాసీ ఒడియా మాత్రమే హాయిగా మాట్లాడగలవాళ్ళు ఉంటారు. ఓపీ చీటీ ఎక్కడ, రక్తపరీక్ష ఏ గదిలో, మందు తిన్నాకా తినకముందా, ఇవన్నీ తెలుగులో గబగబా చెబితే అందవు. ఆ భాషలు ఇంట్లో మాట్లాడే విద్యార్థులు విశాఖ హాస్టళ్ళలోనే ఉన్నారు. సేవా కార్యక్రమాల్లో గిరిజన విద్యార్థిని ఎప్పుడూ సాయం అందుకునేవాడిగానే చూసే అలవాటు మానితే, ఈ నగరంలో ఇంకెవరూ చేయలేని పని అతను వారానికి ఒక పూట చేయగలడని తెలుస్తుంది. గాజువాక వైపు పనులకు ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల చదువు దగ్గరా ఇదే సమస్య, ఇదే పరిష్కారం.

సముద్రతీరంలో మరో పని ఉంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డుకొచ్చి ఇసుక తవ్వి, ఒక్కొక్కటి వంద పైచిలుకు గుడ్లు పెట్టి పోతాయి. కుక్కలు తవ్వుకోకముందే ఆ గుడ్లను తీసి అటవీశాఖ హేచరీల్లో పాతుతారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి. వెలుతురు ఎటుంటే అటు సముద్రమనుకుని నడుస్తాయి. బీచ్ రోడ్డు దీపాలు వాటికి శత్రువులు. ఈ తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోది. అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకోవడమే నేరం. కాబట్టి ఉత్సాహంతో టార్చిలైటు వేసుకుని వెళ్ళడం సేవ కాదు. అటవీశాఖతో కలిసి, దీపం ఆర్పి, తెల్లవారుజామున ఇసుక మీద జాడలు వెతుక్కుంటూ నడిచేవాళ్ళు కావాలి. ఇక్కడ జాలారిపేట పెద్దలకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ లేదు. విద్యార్థులు వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిందే.

మాస్టారు: సింహాచలం గిరిప్రదక్షిణ చూశావు కదా. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్లు లక్షలమంది నడుస్తారు. దారి పొడుగునా మజ్జిగ, మంచినీళ్ళు, కాళ్ళకు రాసుకునే మందు. ఇచ్చేవాళ్ళలో కాలేజీ కుర్రాళ్ళు ఎందరో. ఇది నీ పక్షానికి మంచి ఉదాహరణ, నువ్వెందుకో వాడుకోలేదు.

విద్యార్థిని: ఒక్క రాత్రి పని కాబట్టి మీరు ఒప్పుకోరని వాడలేదు మాస్టారూ.

వాదన ముగిసేసరికి ఇద్దరూ కొన్నిటి మీద ఒక మాటకు వచ్చారు. ప్రథమ చికిత్స, రసాయన ప్రమాదంలో చేయాల్సినవి, తుపాను ముందు చేయాల్సినవి విశాఖలో చదివే ప్రతి విద్యార్థికీ తప్పనిసరిగా నేర్పాలి. ఏటా కొత్త సర్వే మానాలి. కిందటేటి బ్యాచ్ రాసిన నివేదిక పట్టుకుని అదే వీధికి వెళ్ళి, అందులోని ఒక్క సమస్య వెంటపడాలి. ఒక వాడను ఒక కాలేజీ ఏళ్ళ తరబడి వదలకూడదు. 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ ఒక్కో విద్యాసంస్థను అయిదు ఊళ్ళు దత్తత తీసుకోమన్నది ఈ ఉద్దేశంతోనే. లాగ్‌బుక్కులో మెంటరుతో పాటు ఆ వీధిలోని ఒకరి సంతకం ఉండాలన్న విద్యార్థిని సూచనకు మాస్టారు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. చేపలు ఎండబెట్టే ఆవిడ సంతకం పెట్టనంటే ఆ గంటలు లెక్కలోకి రావు.

క్రెడిట్ల దగ్గర మాత్రం ఇద్దరూ కలవలేదు. 180 గంటలు లేకపోతే 181వ గంట అన్నదే రాదని మాస్టారు. 180 దగ్గర ఆగమని నేర్పేది ఆ లెక్కేనని విద్యార్థిని.

ఆ తర్వాత మాట క్యాలెండరు మీదికి మళ్ళింది. యూనివర్సిటీ ఏడాది, నగరం ఏడాది ఒకచోట కలుస్తాయి, మరోచోట కలవవు. తూర్పు తీరంలో మర పడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఇంటిపట్టున ఉంటారు. రాబడి ఉండదు, వేట నిషేధ భృతి కోసం కాగితాలు కావాలి. సీఎస్పీ వేసవి కూడా అప్పుడే. జాలారిపేటకు విద్యార్థి వెళ్ళడానికి అంతకన్నా మంచి సమయం లేదు. తాబేళ్ళు మాత్రం సెలవుల కోసం ఆగవు. స్క్రైబ్ అవసరం సరిగ్గా అందరికీ పరీక్షలున్నప్పుడే వస్తుంది. తుపానుల కాలం అక్టోబరు, నవంబరు. అప్పుడు సెమిస్టర్ నడుస్తూ ఉంటుంది, హాజరు 75 శాతానికి తగ్గకూడదు. తుపాను వారంలో వాడలో పనిచేసిన విద్యార్థికి హాజరు వేసే అధికారం ఎవరికి ఉండాలని విద్యార్థిని అడిగింది. ప్రోగ్రామ్ ఆఫీసరుకు ఉండాలని మాస్టారు, వార్డు సచివాలయానికి ఉండాలని ఆమె, మళ్ళీ మొదలుపెట్టారు.